పన్నెండేళ్ళ పిల్లల ముందు పాల్ క్లే: చిత్రకళ పాఠాలు రూపొందించే పెద్దలకు ఒక బహిరంగ లేఖ

గౌరవనీయులైన పాఠ్యప్రణాళిక రూపకర్తలకు, ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకు చిత్రకళ బోధిస్తున్న తోటి ఉపాధ్యాయులకు నమస్కారం.

ఆధునిక చిత్రకళను పిల్లలకు పరిచయం చేసే పాఠాల్లో పాల్ క్లే పేరు తరచుగా కనిపిస్తుంది. ఆ ఎంపికతో నాకు పేచీ లేదు. మాధ్యమిక తరగతుల వయసు పిల్లలకు అంతకంటే తగిన చిత్రకారుడు దొరకడం కష్టమని నమ్మేవాళ్ళలో నేనూ ఒకదాన్ని. నా బాధంతా ఆ పాఠం నడిచే తీరు గురించే. పుట పైభాగంలో ఆయన పుట్టిన సంవత్సరం, మరణించిన సంవత్సరం, రెండు మూడు చిత్రాల పేర్లు ఉంటాయి. వాటి కింద ఆయన 1928లో వేసిన 'కోట, సూర్యుడు' చిత్రం అగ్గిపెట్టెంత ప్రమాణంలో ఉంటుంది. ఆ కింద, రంగు కాగితాలను త్రికోణాలుగా, చతురస్రాలుగా కత్తిరించి అలాంటి కోటనే అతికించమనే అభ్యాసం ఉంటుంది. పిరియడ్ ముగిసేసరికి తరగతిలో ఎంతమంది పిల్లలుంటే అన్ని కోటలు తయారవుతాయి. అన్నీ ఒకదాన్ని పోలి మరొకటి ఉంటాయి. వాటిని గోడకు అంటించి, మార్కులు వేసి, తరువాతి పాఠానికి వెళ్ళిపోతాం. చాలా ఏళ్ళు నేనూ ఆ పాఠాన్ని అలాగే చెప్పాను కనుక, ఈ లేఖలో ఎవరినీ తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. ఆ పద్ధతిలో పిల్లలకు దక్కకుండా పోతున్నదేమిటో నాకు ఆలస్యంగా అర్థమైంది. దాన్ని మీ ముందు పెట్టాలనే ఇది రాస్తున్నాను.

ముందుగా ఆ వయసు గురించి చెప్పాలి. అయిదో తరగతి వరకు ఏ పిల్లవాణ్ణి కాగితం ముందు కూర్చోబెట్టినా గీస్తాడు. ఏనుగు గీయమంటే ఏనుగు, గాలి గీయమంటే గాలి కూడా గీస్తాడు. ఆరు, ఏడు తరగతులకు వచ్చేసరికి అదే పిల్లవాడు చేత్తో కాగితాన్ని కప్పుకుంటాడు, రబ్బరు అరిగేదాకా చెరుపుతాడు, చివరికి "నాకు బొమ్మలు రావు టీచర్" అని పుస్తకం మూసేస్తాడు. ఈ మాట ప్రతి ఏటా వింటాను. మన భాషలో విద్య 'వస్తుంది' లేదా 'రాదు'. రాదు అని ఒకసారి అనుకున్నాక అది ఎటునుంచి వస్తుందో వెతకాలని ఎవరికీ తోచదు. చూసినదాన్ని చూసినట్టే దించగలగడమే బొమ్మ రావడమని పిల్లలు ఆ వయసులోనే తీర్మానించుకుంటారు. అలా దించగలిగే ఇద్దరు ముగ్గురిని తరగతి చిత్రకారులుగా ఒప్పుకొని, మిగిలినవాళ్ళు జీవితాంతం తప్పుకుంటారు. క్లే పాఠం సరిగ్గా ఈ మలుపులో రావాలి. కాని కోట నమూనా ఇచ్చి దాన్ని అనుకరించమన్నప్పుడు, ఆ పాఠం కూడా దించడం నేర్పే పాఠంగానే మారిపోతోంది.

క్లే 1879 డిసెంబర్ 18న స్విట్జర్లాండ్‌లోని బెర్న్ నగరం దగ్గర పుట్టారు. తండ్రి సంగీతం బోధించేవారు, తల్లి సంగీత శిక్షణ పొందిన గాయని. అమ్మమ్మ రంగు సుద్దలు చేతికిచ్చి గీయడం నేర్పింది. పదకొండేళ్ళకే బెర్న్ సంగీత సంఘం వాద్యబృందంలో వయొలిన్ వాయించే అవకాశం వచ్చిందంటే, మన ఆరో తరగతి పిల్లల ఈడులో ఆయన ప్రతిభ అందరికీ కనబడింది సంగీతంలోనే అన్నమాట. బడి నోటుపుస్తకాల నిండా మాత్రం బొమ్మలే ఉండేవి. పాఠ్యపుస్తకాల్లో ఈ సంగతులు సాధారణంగా ఉండవు, ఉన్నా ఒక్క వాక్యంలో దాటిపోతాయి. నేను కోరేది ఇక్కడ కాసేపు ఆగమని. ఎందుకంటే అసలు కథ దీని తరువాత మొదలవుతుంది.

క్లే మ్యూనిక్ వెళ్ళి పద్ధతి ప్రకారం చిత్రలేఖనం నేర్చుకున్నారు, ఇటలీ వెళ్ళి పాత మహాచిత్రకారుల పనిని చూసి వచ్చారు. ఉన్నదున్నట్టు దించడం ఆయనకు బాగా వచ్చు. ఆ తరువాత, 1902లో, తల్లిదండ్రుల ఇంట్లో తన చిన్ననాటి బొమ్మలు ఆయన కంటపడ్డాయి. అప్పటిదాకా తాను చేసిన పనిలో అన్నిటికంటే ముఖ్యమైనవి ఇవేనని, అప్పటికి కాబోయే భార్య అయిన లిలీకి ఉత్తరం రాశారు. 1911లో తన చిత్రాలన్నిటికీ సంవత్సరాల వారీగా నంబర్లు వేస్తూ ఒక జాబితా మొదలుపెట్టినప్పుడు, ఎంపిక చేసిన కొన్ని చిన్ననాటి బొమ్మలను కూడా అందులో చేర్చారు. శిక్షణ పొందిన ఒక చిత్రకారుడు, తన పసితనపు సుద్దగీతలకు తన పెద్ద పనుల వరసలో చోటిచ్చాడు. పుస్తకం మూసేసిన ఆ పిల్లవాడికి చెప్పవలసిన సంగతి ఇది. "క్లే చిన్నపిల్లల్లా గీసేవారు, మీరూ అలా గీయండి" అని చెబితే అది వాడికి ఊరట కాదు, అవమానం. పన్నెండేళ్ళవాడికి చిన్నపిల్లవాడిలా ఉండాలని ఉండదు. నేర్చుకోవలసినదంతా నేర్చుకున్న మనిషి, ఆ దారి చాలదని గ్రహించి, తాను వదిలేసి వచ్చినదాన్ని కావాలని వెతుక్కుంటూ వెనక్కి వెళ్ళాడని చెబితే వాడు తలెత్తి వింటాడు.

రంగు సంగతి కూడా అంతే. చాలా ఏళ్ళపాటు ఆయన పని ఎక్కువగా నలుపు తెలుపుల్లోనే, గీతల్లోనే సాగింది. 1914 ఏప్రిల్‌లో ఆగస్ట్ మాకె, లూయీ మోయియే అనే ఇద్దరు చిత్రకారులతో కలిసి ట్యునీషియా వెళ్ళినప్పుడు, కైరవాన్ పట్టణపు వెలుగులో, రంగూ తానూ ఒక్కటయ్యామని, తాను చిత్రకారుణ్ణని డైరీలో రాసుకున్నారు. అప్పటికి ఆయన వయసు 34. పన్నెండేళ్ళకే రాదని తేల్చేసుకున్నవాళ్ళకు ఈ ఒక్క అంకె నల్లబల్ల మీద రాసి చూపిస్తే చాలు, నేను వేరే వివరణ ఇవ్వను. ఆ ప్రయాణం జరిగిన కొద్ది నెలలకే యుద్ధం వచ్చింది, సెప్టెంబర్‌లో మాకె యుద్ధంలో చనిపోయారు. 1916 మార్చిలో క్లే ఆప్తమిత్రుడు ఫ్రాంజ్ మార్క్ కూడా పోయారు. అదే సంవత్సరం క్లేను సైన్యంలోకి తీసుకున్నారు. అక్కడ విమానాలకు రంగులు వేసే పని కొంతకాలం చేశారు. విమానాల రెక్కలకు వాడే నారగుడ్డ ముక్కల మీద తరువాత బొమ్మలు వేసుకున్నారు.

ఇక చిత్రం చూపించడం గురించి. నా అనుభవంలో అన్నిటికంటే ఎక్కువ ఫలించింది 1922లో వేసిన 'కిచకిచలాడే యంత్రం'. నీలం, ఊదా కలిసిన మసకలో నాలుగు పక్షులు ఒక వంకర తీగ మీద నిలబడి ఉంటాయి. ఆ తీగ ఒక చివర తిప్పే పిడికి కలిసి ఉంటుంది. పక్షుల నోళ్ళు తెరిచి ఉంటాయి, వాటిలోంచి రకరకాల ఆకారాలు పొడుచుకు వస్తుంటాయి. కింద లేత గులాబీ రంగులో తొట్టిలాంటిది ఉంటుంది. ఒకసారి ఏడో తరగతిలో ఈ చిత్రాన్ని పెద్ద కాగితం మీద ముద్రించి తెచ్చి గోడకు తగిలించి, చిత్రకారుడి పేరు కూడా చెప్పకుండా, చూసినంతసేపు చూడమన్నాను. మొదటి అయిదు నిమిషాలు ఎవరూ మాట్లాడలేదు, ఆ అయిదు నిమిషాలు ఓర్చుకోవడం నాకు చాలా కష్టమైంది. తరువాత వెనక బెంచీలోంచి ఒక కుర్రాడు, ఆ పిడి ఎవరు తిప్పుతారని అడిగాడు. తిప్పడం ఆపేస్తే పక్షులు ఎగిరిపోతాయా అని ఇంకొకరు అడిగారు. ఎలా ఎగురుతాయి, కాళ్ళు తీగకు అతుక్కుపోయి ఉన్నాయి కదా అని ముందు వరసలోని అమ్మాయి అంది. అప్పటిదాకా నవ్వుతున్నవాళ్ళు నవ్వడం ఆపారు. అది సరదా బొమ్మా, భయపెట్టే బొమ్మా అన్న వాదం గంట కొట్టేదాకా సాగింది. నేను తేల్చలేదు, తేల్చవలసిన అవసరమూ లేదు.

మరుసటి వారం ఆ గీతల సంగతి చూశాం. చిత్రాన్ని దగ్గరగా చూస్తే గీతల చుట్టూ, ఖాళీ చోట్ల, నల్లటి మరకలు కనిపిస్తాయి. క్లే ఒక కాగితానికి నల్ల తైలవర్ణం పూసి, దాన్ని మరో కాగితం మీద బోర్లించి, పైన తన రేఖాచిత్రం పెట్టి మొనదేలిన పనిముట్టుతో గీతల వెంట నొక్కేవారు. నొక్కిన చోట గీత దిగేది, చెయ్యి ఆనిన చోటల్లా మరక దిగేది. ఆ తరువాత జలవర్ణాలు వేసేవారు. మామూలు కార్బన్ కాగితంతో పిల్లలు ఈ పని చేయవచ్చు. మేం చేసినప్పుడు మొదట అందరూ మరకలు పడ్డాయని గొడవపడ్డారు, కొత్త కాగితం ఇమ్మన్నారు. మళ్ళీ గోడమీది చిత్రం దగ్గరికి తీసుకెళ్ళి చూపించాను. తరువాత ఎవరూ కొత్త కాగితం అడగలేదు. కోటలు అతికించే అభ్యాసానికీ దీనికీ ఉన్న తేడాను మీరు గమనించాలని కోరుతున్నాను. అక్కడ పిల్లలు క్లే చిత్రపు రూపాన్ని అనుకరిస్తున్నారు. ఇక్కడ ఆయన పనిచేసిన పద్ధతిని పట్టుకుని ఎవరి బొమ్మ వాళ్ళు వేస్తున్నారు. ఆ రోజు తయారైన వాటిలో ఏ రెండూ ఒక్కలా లేవు.

బొమ్మ అన్న మాటకు తెలుగులో గీసినదీ, చేతితో ఆడించేదీ అన్న రెండర్థాలూ ఉండటం ఈ పాఠంలో నాకు బాగా పనికొచ్చింది. లిలీ పియానో పాఠాలు చెప్పి సంపాదిస్తుంటే, క్లే ఇంట్లో ఉండి వంట చేసి, 1907లో పుట్టిన కొడుకు ఫెలిక్స్‌ను పెంచారు. 1916 నుంచి 1925 వరకు కొడుకు కోసం చేతికి తొడుక్కుని ఆడించే బొమ్మలు సుమారు యాభై చేశారు. వాటిలో ముప్ఫై నిలిచాయి. పాత గుడ్డపీలికలు, ఎముక ముక్కలు, అగ్గిపెట్టెలు, విద్యుత్ పరికరాల విడిభాగాలు, ఏది దొరికితే అది వాడారు. మగవాడు వంటచేసి బిడ్డను పెంచాడన్న సంగతి మీద తరగతిలో ఎంత చర్చ జరుగుతుందో, దాన్ని పాఠంలో చేర్చి చూస్తే మీకే తెలుస్తుంది.

ఇప్పుడు అసలు అభ్యర్థనకు వస్తాను. మన పాఠాలు సాధారణంగా జర్మనీలోని బౌహౌస్ అనే కళల బడి దగ్గర ఆగిపోతాయి. 1921 నుంచి పదేళ్ళు క్లే ఆ ప్రసిద్ధ విద్యాలయంలో, మొదట వైమర్‌లో, తరువాత డెస్సావులో బోధించారని రాసి ముగిస్తాం. తరువాతి భాగం పిల్లల వయసుకు మించినదని వదిలేస్తాం. దయచేసి వదలకండి. 1931లో ఆయన డ్యుసెల్‌డార్ఫ్ అకాడమీలో ఆచార్యుడయ్యారు. 1933లో హిట్లర్ అధికారంలోకి రాగానే ఆయన ఇల్లు సోదా చేశారు, ఉద్యోగం తీసేశారు. ఆయన యూదుడని ప్రచారం చేశారు. ఆయన యూదుడు కాదు. అయినా అలాంటి బండ ఆరోపణలకు తానై ముందుకెళ్ళి జవాబివ్వడం తన గౌరవానికి తగదని, యూదుడే అయినా తన విలువలో వెంట్రుకవాసి తేడా రాదన్న అర్థం వచ్చేలా భార్యకు ఉత్తరం రాశారు. ఆ సంవత్సరమే ఒక చిత్రం వేసి దానికి 'జాబితా నుంచి కొట్టివేత' అని పేరు పెట్టారు. గోధుమ రంగు ఛాయల్లో ఒక ముఖం, కళ్ళు మూసుకుని ఉంటుంది, తలమీద అడ్డంగా నల్లటి ఇంటూ గుర్తు.

ఈ చిత్రం చూపించినప్పుడు నేను ముందుగా ఏమీ చెప్పలేదు. ఒక అమ్మాయి చాలాసేపు చూసి, బడి మానేసినవాళ్ళ పేరు హాజరుపట్టీలో కొట్టేసినట్టు ఉందని అంది. అప్పుడే పేరూ, సంవత్సరమూ, జరిగినదీ చెప్పాను. పిల్లలకు ఇది భారమవుతుందని భయపడేవారికి నేను చెప్పగలిగేది ఒక్కటే: జట్టులోంచి తీసేయడమంటే ఏమిటో, పేరు పిలవకపోవడమంటే ఏమిటో మనకంటే వాళ్ళకే బాగా తెలుసు. వాళ్ళకు తెలియనిది, అలా తీసేసిన రోజున ఒక మనిషి ఏం చేయగలడన్నది. క్లే ఆ ఏడాది చివర బెర్న్‌కు తిరిగి వెళ్ళిపోయారు. 1937లో జర్మనీ ప్రభుత్వ మ్యూజియంల నుంచి ఆయన చిత్రాలు నూటికి పైగా స్వాధీనం చేసుకున్నారు. అదే ఏడాది మ్యూనిక్‌లో 'భ్రష్ట కళ' అని పేరుపెట్టి, జనం చూసి ఎగతాళి చేయాలని నడిపిన ప్రదర్శనలో ఆయనవి 17 పెట్టారు. మేం గోడకు తగిలించిన కిచకిచలాడే యంత్రం కూడా బెర్లిన్ నేషనల్ గ్యాలరీ నుంచి అలా స్వాధీనమైనదే. అమ్ముడుపోయి, 1939లో న్యూయార్క్‌లోని మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్‌కు చేరింది. ఈ సంగతి విన్నాక పిల్లలు ఆ పక్షులను చూసిన చూపు వేరు.

ఇక్కడే ఒక జాగ్రత్త కూడా చెప్పాలి, దీని గురించి నాకు గట్టి అభిప్రాయం ఉంది. జీవితం చెప్పమన్నాను కదా అని, జీవితాన్ని చిత్రానికి తాళంచెవిలా వాడకూడదు. క్లేకు 1935లో తీవ్రమైన జబ్బు చేసింది. చర్మమూ లోపలి అవయవాలూ బిగుసుకుపోయే స్క్లెరోడెర్మా అని, ఆయన పోయిన తరువాత లక్షణాలను బట్టి వైద్యులు భావించారు. 1936లో ఆయన చేసిన పనులు 25 మాత్రమే. ఆ చివరి ఏళ్ళలో ఆయన గీతలు దళసరి అయ్యాయి, రూపాలు తేటపడ్డాయి. జబ్బు వల్ల చెయ్యి సాగక అలా గీశారని ఒక్క ముక్కలో చెప్పేస్తే, పిల్లలు ఆ వాక్యాన్ని రాసుకుని చిత్రం చూడటం మానేస్తారు. ఆ దళసరి గీత ఆయన ఎంచుకున్న గీత కూడా. ఆయన జాబితాలోని అంకెలనే పిల్లల ముందు పెట్టండి: 1936లో 25, 1937లో 264, 1938లో 489, 1939లో 1,253. చివరి అంకెను 365తో భాగించమని చెప్పండి. రోజుకు మూడుకు పైగా వస్తుంది. ఆ లెక్క తేలాక మా తరగతిలో ఒక పిల్లవాడు, జబ్బు తగ్గిపోయిందా అని అడిగాడు. తగ్గలేదన్నాను. 1940 జూన్ 29న ఆయన మరణించారు. పుట్టింది స్విట్జర్లాండ్‌లోనే అయినా తండ్రి జర్మన్ కావడంతో ఆ దేశ పౌరసత్వం పుట్టుకతో రాలేదు, దరఖాస్తు పెట్టుకున్నా బతికుండగా చేతికి అందలేదు.

కనుక పాఠం అమరిక మార్చమని మిమ్మల్ని వేడుకుంటున్నాను. ఒక్క పిరియడ్‌లో ముగించకుండా కనీసం నాలుగు ఇవ్వండి. మొదటిదాంట్లో చిత్రం తప్ప మరేమీ ఉండకూడదు. జీవితం ఆ తరువాతే, పిల్లలు తమ ప్రశ్నలతో దాన్ని అడిగి తెచ్చుకున్నాకే రావాలి. చిత్రాన్ని అగ్గిపెట్టెంత ముద్రించే బదులు పాఠంలో ఒక్కటే చిత్రం ఉంచినా సరే, పూర్తి పుటలో ముద్రించండి, పక్కనే దాని అసలు కొలతలు ఇవ్వండి. ప్రొజెక్టర్ లేని గదులే ఎక్కువ కాబట్టి, ఉపాధ్యాయుల చేతికి పెద్ద ముద్రణలు అందేలా చూడండి. పరీక్షలో పుట్టిన తేదీ అడగడం మానేసి, ఒక చిత్రం ఇచ్చి, అందులో ఏం కనిపిస్తోందో, ఏ గీతను బట్టి అలా అనిపించిందో రాయమనండి. ఎంత పోలికగా దించారన్నదానికి మార్కులు వేయవద్దని ఉపాధ్యాయుల కరదీపికలో స్పష్టంగా రాయండి. అలా రాసి ఉంటే తప్ప, పోలిక లేని బొమ్మకు మార్కులు వేసిన ఉపాధ్యాయులు తల్లిదండ్రులకూ పైవాళ్ళకూ జవాబు చెప్పుకోవలసి వస్తోంది. చెట్టు కొమ్మలు దాని వేళ్ళ ఆకారంలోనే ఉండాలని ఎవరూ కోరరని, చిత్రకారుడు ఆ మధ్యనున్న మానులాంటివాడని క్లే 1924లో యేనా నగరంలో చేసిన ప్రసంగంలో చెప్పారు. ఏడో తరగతి పిల్లలకు ఆ పోలిక వెంటనే అందుతుంది.

చివరగా ఒక చిన్న విన్నపం. మా తరగతిలో ఇప్పుడు ప్రతి పిల్లా, పిల్లవాడూ డ్రాయింగ్ పుస్తకం చివరి పుటలో క్లేలాగే ఒక జాబితా రాసుకుంటారు: సంవత్సరం, నంబరు, బొమ్మకు తాము పెట్టిన పేరు. పోయిన ఏడాది, తనకు బొమ్మలు రావని పుస్తకం మూసేసిన పిల్లవాడే ఒకరోజు నాలుగు మడతలు పడిన పాత కాగితం ఒకటి తెచ్చాడు. ఒకటో తరగతిలో గీసినదట, వాళ్ళమ్మ దాచిందట. పసుపు సుద్దతో గీసిన ఒక గుండ్రం, దానికి ఏడు కాళ్ళు. దీనికి ఏ నంబరు వేయాలని అడిగాడు. జాబితా అప్పటికే పదకొండు దాకా వచ్చింది. కాసేపు ఆలోచించి, పైన ఖాళీగా ఉన్న అంచులో ఒక కొత్త వరస గీసి, అందులో ఆ సంవత్సరం వేసి, పక్కన 1 అని తనే రాసుకున్నాడు. కొత్త పాఠ్యపుస్తకంలో ఆ జాబితా కోసం గీతలు గీసిన ఒక ఖాళీ పుట, పైన కొంచెం ఎక్కువ అంచు వదిలి, ఇవ్వగలరా?

ఇట్లు,
మాధ్యమిక తరగతుల చిత్రకళ ఉపాధ్యాయురాలు